ముందు సీటు

ఆ ఆదివారం చెయ్యాల్సిన పనులు ఇవి.

రాత్రి నానేసిన మినప్పప్పు రుబ్బాలి. కొడుకు హర్ష స్కూలు బట్టలు ఉతకాలి. అత్త భారతమ్మకు ఉప్పు తక్కువేసి కూర వేరే చెయ్యాలి. తొమ్మిదో తరగతి ఫిజిక్స్ పేపర్లు దిద్దాలి. రేకు పని చేసే కమాల్ బాషా వచ్చేలోగా వ్యాను ఎడమ తలుపు కింద తుప్పు గీకి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది పెట్టాలి. ఆయనకు టీ పెట్టాలి, చక్కెర తక్కువ. భర్త జయచంద్ర చొక్కాకి గుండీ కుట్టాలి. హారన్ వైరు ఎక్కడ తెగిందో చూడాలి. మధ్యాహ్నానికి సంగటి, చెనిక్కాయల పచ్చడి. అమ్మకు ఫోన్ చెయ్యాలి.

ఈ పట్టీ ఎక్కడా రాసిపెట్టుకున్నది కాదు. పెండ్లయినప్పటి నుంచి ప్రతి పొద్దూ మల్లిక తలలో దానంతటదే తయారవుతుంది. పైనుంచి కిందికి ఒక్కొక్కటే చేసుకుంటూ పోతుంది. అన్నిటికంటే చివర ఉండేది ఎప్పుడూ అమ్మే. చివరిది కాబట్టి అదే రేపటికి జరుగుతుంది.

వ్యాను పని వచ్చాక పట్టీ ఇంకా పొడుగయింది. పైకి అందరికీ అది జయచంద్ర వ్యాను. ప్రొద్దుటూరులో వాళ్ల వీధికి కొత్తవాళ్లెవరొచ్చినా, వాకిట్లో నీలం రంగు మెటడోర్‌ను చూసి ఆగుతారు. జయచంద్ర కుర్చీలోంచి లేచి, బానెట్ మీద చెయ్యేసి, "పాతది తెచ్చి నేనే చేస్తాండా అప్పా. ఇట్లాంటివి ఇప్పుడు యాడ దొరుకుతాయి" అంటాడు. ఆ మాట అనేటప్పుడు మల్లిక ఒక్కోసారి వ్యాను కిందనే పడుకుని ఉంటుంది. వచ్చినవాళ్లకు ఆమె కాళ్లు మాత్రం కనపడతాయి. "మా ఆమె కూడా రవంత సాయం పడుతుంది" అని అప్పుడు అంటాడు. చెడ్డవాడు కాదు జయచంద్ర. తాగడు, కొట్టడు. మొదటి నెల నిజంగానే చొక్కా విప్పి రెంచీ పట్టినాడు. తర్వాత ఫోనులో, వేరే దేశాల వాళ్లు పాత బండ్లను బాగుచేసే వీడియోలు చూడటం దగ్గర ఆగిపోయినాడు. చూసి, ఏం చెయ్యాలో ఆమెకు చెప్పేవాడు. మధ్యలో వదిలిన పనిని పూర్తి చెయ్యడం ఆమెకు కొత్తేం కాదు. ఆ ఇంట్లో సగం తాగి వదిలిన టీ గ్లాసు దగ్గర్నుంచి, సగం కట్టి వదిలిన పెరటి గోడ దాకా అన్నీ ఆమె చేతికే వచ్చేవి.

అసలు ఆ వ్యాను ఆమె నాయన లక్ష్మయ్యది. మైలవరం డ్యాం కింద పల్లె వాళ్లది. గొర్లు కాసే ఇల్లు. నాయన కష్టపడి పాత మెటడోర్ ఒకటి కొని, తన గొర్లూ, చుట్టుపక్కల వాళ్ల గొర్లూ జమ్మలమడుగు సంతకు తోలేవాడు. ముందు సీట్లో నాయన, పక్కన గొర్లు కొనే ఆసామి. వెనక గొర్ల మధ్య అమ్మ. గుంతల్లో బండి ఎగిరితే గొర్లు ఒకదాని మీద ఒకటి పడి పిల్లలు తొక్కుడుపడతాయని, అమ్మ లక్ష్మీదేవమ్మ కమ్మీ పట్టుకుని నిలబడి, మోకాళ్లు అడ్డం పెట్టి వాటిని ఆపేది. ముందు సీటు ఖాళీగా ఉన్న రోజు కూడా ఆమె వెనకే. సంతకు పోయే బండిలో ముందర ఆడది కూర్చుంటే బేరం కుదరదని వాళ్ల వైపు ఒక నమ్మకం. తిరిగి వచ్చేటప్పుడు గొర్లు ఉండవు, బేరం అయిపోయి ఉంటుంది. అప్పుడన్నా ముందుకొచ్చి కూర్చోవచ్చు కదా అని చిన్నప్పుడు మల్లిక అడిగింది. "అలవాటైపోయిందిలే పాపా, ఈడ గాలి బాగా ఆడతాది" అనింది అమ్మ. గాలి ఎంత ఆడినా ఆ చీరలోంచి గొర్ల వాసన పోయేది కాదు. మల్లిక డిగ్రీ పట్టా పుచ్చుకున్న రోజు, ఆ ఇంట్లో మొదటి డిగ్రీ అది, కాలేజీ గేటు లోపలికి అమ్మ రాలేదు. వాసనొస్తాదని బయటే చెట్టు కింద నిలబడింది.

నాయన పోయినాక తమ్ముడు యువరాజ్ భాగాలు పంచినాడు. పొలం వాడికి, మంద వాడికి, ఇల్లు వాడికి. "అక్కా, ఆ పాత డబ్బా నువ్వు తీసుకపో" అన్నాడు. దొడ్డిలో వేపమొక్క ఒకటి దాని నేల రేకులోంచి పైకి లేచి ఉంది అప్పటికే. ఆడబిడ్డకు కూడా భాగం ఇచ్చినాడని ఊళ్లో వాడికి మంచి పేరొచ్చింది. కాయితాలు మల్లిక పేరు మీదికి మారినాయి. ట్రాక్టరుకు కట్టి ప్రొద్దుటూరుకు ఈడ్చుకొచ్చిన రోజు భారతమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏందీ కంపు, ఇంటి ముందర గొర్లదొడ్డి పెట్టినట్టుంది" అనింది. వాళ్లదీ గొర్లు కాసిన వంశమే. కాకపోతే రెండు తరాల ముందు టౌనుకొచ్చినారు. పక్కింటి వాళ్లతో మాకు మొదట్నుంచీ పొలాలే అని చెప్పుకుంటుంది భారతమ్మ.

మల్లిక మాత్రం ఆ కంపును కడగలేదు వెంటనే. రెండు రోజులు అట్లే ఉంచుకుంది.

పని మొదలుపెట్టినాక, అది పనిలాగే అనిపించలేదు ఆమెకు. అదే విచిత్రం. ఇంట్లో గిన్నె తోమితే పూటకు మళ్లా మురికి. చొక్కా ఉతికితే రేపటికి మళ్లా మాసేది. బడిలో కూడా అంతే, పెద్దవాళ్లెవరన్నా వస్తే ముగ్గులెయ్యడానికీ పళ్లేలు పట్టుకోవడానికీ ఆడ టీచర్లు, వేదిక మీద కుర్చీలకు మగ టీచర్లు, ఎన్ని సార్లు అలికినా ఆ నేల అదే. వ్యాను అట్లా కాదు. ఒకచోట తుప్పు గీకితే అక్కడ ఇనుము మెరిసేది, మరుసటి రోజు వచ్చి చూసినా మెరుస్తూనే ఉండేది. చేసిన పని చేసినట్టే నిలబడింది ఆమె జీవితంలో ఇదొక్కటే. బడి నుంచి వచ్చి, చీర మార్చుకుని, పొయ్యి మీద ఎసరు పెట్టి, అది మరిగేలోగా ఒక చెయ్యెడు రేకు రుద్దేది. నీలం కింద తెలుపు, తెలుపు కింద ఆకుపచ్చ. నుదుటి మీద, అంటే ముందర అద్దానికి పైన, రుద్దుతుంటే యువరాజ్ అని పసుప్పచ్చ అక్షరాలు తేలినాయి. బండి నుదుటి మీద ఇంటి మగబిడ్డ పేరు రాయడం ఆ పక్క ఆచారం. మల్లిక వాడికంటే ముందు పుట్టింది. అయినా ఏ రంగు కిందా ఆమె పేరు లేదు. అమ్మ పేరు సంగతి ఎవరికీ తట్టి కూడా ఉండదు.

"ఇప్పుడు హర్ష అని రాయిద్దాం" అన్నాడు జయచంద్ర. మల్లిక, రంగు పూర్తిగా ఆరనీ అనింది.

నేల రేకు కోసి కొత్తది అతికిందీ, సొట్టలు తీసిందీ కమాల్ బాషా. ప్రొద్దుటూరులో పాత బండ్ల రేకు పనికి ఆయన్నే పిలుస్తారు. ఇంజను వేరే మెకానిక్ చూసినాడు. ఎడమ తలుపు కింద, నేలకు జానెడెత్తులో ఒక మెట్టు అతకమని మల్లిక అడిగినప్పుడు కమాల్ బాషా టోపీ సర్దుకుని నవ్వినాడు. "బస్సుకు కూడా ఇంత కిందికి ఉండదు మ్మా. ఎవరు ఎక్కాల?" ఆమె చెప్పేలోగా వసారాలోంచి భారతమ్మ, "నా కోసమేలే బాషా. మా కోడలు పైకి అట్లుంటాది గానీ, అన్నీ చూస్తాది" అనింది. మల్లిక కాదనలేదు.

ఆ మెట్టు లక్ష్మీదేవమ్మ మోకాళ్ల కోసం. ఏండ్ల తరబడి గొర్లకు అడ్డం పెట్టిన మోకాళ్లు అరిగిపోయినాయి. బస్సు మెట్టుకు లేవవు. ఆటోలో పోతే గుంత గుంతకూ ప్రాణం పోయొస్తుంది. పులివెందులలో మంచి ఎముకల డాక్టరు ఉన్నాడంటే రెండుసార్లు టైము తీసుకున్నారు, రెండుసార్లూ పోలేదు. ఒకసారి యువరాజ్‌కు కోత పని. ఇంకోసారి భారతమ్మకు జ్వరం, మల్లిక కదలడానికి లేకపోయింది. "పోనీలే పాపా, కూచుంటే నొప్పి లేదు" అనింది అమ్మ ఫోనులో. కూచోవడమే తెలియని మనిషి అన్న మాట అది. ఆ రోజే మల్లిక అనుకుంది. వ్యాను బాగయితే మొదట తిరిగేది పులివెందులకు, అమ్మ ముందు సీట్లో, తను తోలుతుంది. నాయన ఎండిన పెన్నలో ఇసుక మీద నేర్పించినాడు ఆమెకు తోలడం, ఆయన బండి నెట్టేటప్పుడు లోపల ఒకరుండాలి కాబట్టి. లైసెన్సు కూడా ఉంది. "మన రోడ్ల మీద నీకు చేతకాదు" అని జయచంద్ర అంటాడు గానీ, ఆమె ఎప్పుడు తోలి చూపించింది కనుక.

వైరింగు మాత్రం ఇంకో చెయ్యి పడకుండా మల్లికే చేసింది. బోర్డు మీద బల్బూ బ్యాటరీ గీసి ఎన్ని బ్యాచులకు చెప్పిందో. నిజం వైరు పట్టుకున్నది ఇప్పుడే. పాత వైర్లన్నీ ఎలుకలు కొరికి పడేసినాయి. కొత్తవి తెమ్మంటే జయచంద్ర అంగడిలో అగ్గువకు వచ్చిందని ఒకే ఎర్రరంగు చుట్ట తెచ్చినాడు. ఏది లైటుదో, ఏది హారన్‌దో తెలిసే దారి లేదు. అప్పుడు ఆమెకు మంద గుర్తొచ్చింది. నాలుగిండ్ల గొర్లు కలిపి మేపేటప్పుడు అమ్మ మెడలకు రంగు దారాలు కట్టేది. సూడి గొర్రెకు ఎర్రది, జబ్బుదానికి నల్లది, సంతకు పోయేదానికి పచ్చది. చీకట్లో కూడా తడిమి ముడిని బట్టి చెప్పేది. మల్లిక, హర్ష బడి క్రాఫ్టుకు తెచ్చిన ఊలు దారాలు తీసుకుంది. లైటుకు తెల్లది, హారన్‌కు ఎర్రది, వైపరుకు నీలం, సిగ్నలు లైట్లకు పసుపు. ప్రతి వైరుకూ రెండు కొసలా ఒకే రంగు. ఒక కొస డ్యాష్‌బోర్డు కింద, రెండోది లైటు దగ్గరో మోటరు దగ్గరో లోపల. స్విచ్చి వేస్తే లైటు వెలిగిన సాయంత్రం ఆమె ఎవర్నీ పిలవలేదు. ఆర్పి, మళ్లా వెలిగించి, మళ్లా ఆర్పింది. ఆ రోజు అమ్మకు ఫోన్ పట్టీలో మొదటికొచ్చింది. డాక్టరు దగ్గర గురువారానికి మూడోసారి టైము తీసుకున్నారు.

ఆ వారమే జయచంద్ర మేనమామ ఆదినారాయణ వచ్చినాడు. భారతమ్మ తమ్ముడు. కాంట్రాక్టులు చేస్తాడు, తెల్లబట్టలు, వెనక ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు. వ్యాను చుట్టూ ఒక చుట్టు తిరిగి, "అల్లుడా, సుప్రియ పెండ్లి ఊరేగింపుకు ఇదే కావాల. కార్లు అందరికీ ఉంటాయి. ఇట్లాంటిది ఎవరికుంది?" అన్నాడు. సుప్రియ ఆయన కూతురు. పెండ్లి గురువారం.

"దానికేముంది మామా, నీది కాదా" అన్నాడు జయచంద్ర.

టీ గ్లాసులు పట్టుకుని గడపలో నిలబడి ఉంది మల్లిక. ఎవరూ ఆమె వైపు చూడలేదు. ఆదినారాయణ గ్లాసు అందుకుని, చక్కెర సరిపోయిందన్నాడు. వాళ్లు పోయినాక ఆమె జయచంద్రకు గురువారం డాక్టరు సంగతి గుర్తుచేసింది. ఆయన నిజంగానే మరిచిపోయినాడు. మరిచిపోయినందుకు బాధపడ్డాడు కూడా. తర్వాత, డాక్టరు యాడికి పోతాడు, వచ్చే వారం పోదాం అన్నాడు. మామ నోరు తెరిచి అడిగితే కాదనలేం అన్నాడు. పైగా పెండ్లిలో నువ్వు లేకుంటే ఎట్లా, తట్టలు ఎవరు మోస్తారు, వచ్చినోళ్లను ఎవరు చూస్తారు అని భారతమ్మ. మల్లిక రెండు రోజులు ఆ మాటలను నోట్లో గులకరాయి మాదిరి పెట్టుకుని తిరిగింది. అమ్మకు ఫోన్ చేసి ఏమని చెప్పాలో తోచలేదు. మూడోసారి కదా. అమ్మే, పోనీలే పాపా అంటుంది. ఆ మాట వినకుండా ఉండడానికి ఫోనే చెయ్యలేదు.

మంగళవారం ఆమె బడి నుంచి వచ్చేసరికి జయచంద్ర వ్యానులో ఉన్నాడు. చాలా రోజుల తర్వాత చొక్కా విప్పి పని చేసినాడు. పెండ్లికి పోయే బండి కదా, డ్యాష్‌బోర్డుకు రంగేసినాడు. వైర్లన్నీ పీకి, నల్లటేపు చుట్టి, మళ్లా దూర్చినాడు. నేల మీద ఊలు దారాలు కుప్పగా పడున్నాయి, తెల్లవీ ఎర్రవీ నీలంవీ. "గొర్రె మెడకు కట్టినట్టు ఏందే అవి. మామ వాళ్లు చూస్తే నవ్వుతారు. చూడు ఇప్పుడెంత నీటుగా ఉందో" అన్నాడు. ముఖం నిండా సంతోషం. మల్లిక వంగి దారాలన్నీ ఏరుకుని దోసిట్లో పెట్టుకుంది. ఏమన్నా, ఆయన నీటు గురించే మాట్లాడతాడు.

బుధవారం పొద్దున ఆదినారాయణ బండి చూసుకోవడానికి వచ్చినాడు. ముందు సీట్లో కూర్చుని హారన్ నొక్కినాడు. వైపర్లు లేచి, ఎండిన అద్దం మీద కిర్రుమంటూ అటూ ఇటూ ఊగినాయి. వెనకున్న వాళ్లలో ఎవరో నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. ఆయన ఎడమ సిగ్నల్ వేసినాడు. హారన్ మొదలై ఆగలేదు. అది ఆపబోయి ఏదో తిప్పితే పెద్దలైట్లు వెలిగినాయి. వీధంతా వాకిండ్లలోకి వచ్చింది.

"ఏందిరా అల్లుడా ఇది" అన్నాడు ఆదినారాయణ దిగి. "పెండ్లికూతురుతో ఎడమకు తిరిగితే శోకం పెడతాదా ఇది?"

జయచంద్ర బ్యాటరీ వైరు పీకి హారన్ ఆపి, చెమటలు తుడుచుకుంటూ మల్లిక వైపు తిరిగినాడు. ఆమె వైపు అందరూ చూసింది అప్పుడే. "మల్లికా, సాయంత్రానికి అయ్యే పనేనా ఇది?"

అయ్యే పనే. ఆమెకు తెలుసు. కనపడే కొసల్లో దారాలు కోసినాడు గానీ, కనపడని కొసల్లో, లైట్ల వెనకా మోటర్ల పక్కనా, ఎవరూ తొంగి చూడని చోట దారాలు అట్లే ఉన్నాయి. టెస్ట్ ల్యాంపు పెట్టి ఒక్కొక్క వైరే చూసుకుంటూ పోతే మధ్యాహ్నానికి అయిపోతుంది. నేను చూస్తాలే, అనే మాట నాలుక కొసకు వచ్చేసింది. ఎన్నిసార్లు అనిందో ఆ మాట. పెరటి గోడకు, చల్లారిన టీకి, అత్త జ్వరానికి, బడిలో ముగ్గుకు, తమ్ముడి పిల్లల నామకరణానికి. ఎవరూ అడక్కముందే అనేది. అంటే మంచిదనేవాళ్లు. మంచిదనిపించుకోవడం ఒక్కటే ఆమె జీతం, దాన్ని కూడా ఖర్చుపెట్టుకునే చోటు లేదు. నోరు మూసుకో అని చిన్నప్పటి నుంచి అందరూ నేర్పినారు ఆమెకు, నాయన, అత్త, హెడ్మాస్టరు. ఎదురు చెప్పకుండా నోరు మూసుకోవడం వచ్చింది. ఊ కొట్టకుండా నోరు మూసుకోవడం మాత్రం ఇంతవరకూ ఎప్పుడూ చేసి చూడలేదు. అదీ నోరు మూసుకోవడమే కదా అనుకుంది.

"గుర్తులు పోయినాయి కదా" అనింది. అంతే.

ఆదినారాయణకు అంతకంటే ఎక్కువ అక్కర్లేకపోయింది. శుభమా అని పెండ్లి పెట్టుకుని ఈ అపశకునం యాడిది, కారు చెప్తాలే అని, తెల్లబట్టలు దులుపుకుని పోయినాడు. జయచంద్ర కాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు. మల్లికకు జాలేసింది. జాలేసినా, లోపల ఏదో మూట దించినట్టు భుజాలు తేలికగా ఉన్నాయి. అందరూ పెండ్లింటికి బయల్దేరేటప్పుడు, నేను రాను, రేపు మాయమ్మను డాక్టరు దగ్గరికి పిల్చకపోతాండా అని చెప్పింది.

"దేంట్లో పోతావు?" అన్నాడు జయచంద్ర.

"చూసుకుంటాలే."

భారతమ్మ గడపలో ఆగి, తట్టలు ఎవరు పట్టుకుంటారు, అడిగినోళ్లకు ఏం చెప్పాల అని మొదలుపెట్టింది. ఆదినారాయణ పోయినాక మల్లిక ఫోనులో సుప్రియతో మాట్లాడింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని ఆ పిల్ల, "నా పెండ్లి దినం నేనెట్లా యాడికీ పోలేను. నువ్వన్నా పో అక్కా" అనింది. ఆ మాటే అత్తకు చెప్పింది. భారతమ్మ వ్యాను తలుపు కింది మెట్టు వైపు చూసింది. "ఆ మెట్టు నాకు కాదన్నమాట" అనింది చివరికి.

"నీకూ పనికొస్తాది అత్తా. వచ్చినాక నిన్నూ తిప్పుకొస్తా" అనింది మల్లిక. నిజంగానే అనింది.

హర్షను తీసుకుని వాళ్లు పోయినాక ఇల్లు నిశ్శబ్దమయింది. మల్లిక అన్నం కూడా వండుకోలేదు. అరటిపండు తిని, వ్యాను కిందికి దూరింది. అవతలి కొసల్లో దారాలు దుమ్ముపట్టి, కట్టిన ముడితో అట్లే ఉన్నాయి. దోసిట్లో దాచినవి తెచ్చి ఇవతలి కొసలకు మళ్లా కట్టింది. ఎండ గోడ ఎక్కేలోగా హారన్ హారన్ మాదిరి మోగింది. కమాల్ బాషాకు ఫోన్ చేస్తే కుంచె, పసుప్పచ్చ రంగు పట్టుకుని వచ్చినాడు. ఏ పేరు రాయాలో చెప్తే, ఆడమనిషి పేరు నేనింతవరకూ బండి నుదుటి మీద రాయలేదు మ్మా అన్నాడు. తర్వాత నిచ్చెన ఎక్కి, ఒక్కొక్క అక్షరం సున్నితంగా, కండ్లకు కాటుక పెట్టినట్టు రాసినాడు.

గురువారం పొద్దున జమ్మలమడుగు దాటి, డ్యాం కిందికి దిగి, ఇంటి ముందు బండి ఆపింది. లక్ష్మీదేవమ్మ తలస్నానం చేసి, ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుని, కట్టె పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. చదువు రాదు కాబట్టి నుదుటి మీది అక్షరాలు ఆమెకు రంగు మాత్రమే. లేచి, నేరుగా వెనక తలుపు వైపు నడిచింది.

"ఆడ కాదు మా. ఈడికి రా."

"ముందరికా? బేరం చెడతాది పాపా."

"మనమేం అమ్మేదానికి పోలేదు మా."

ఆమె కాసేపు ఆ మాటను చూసింది, ఏదో వస్తువును చూసినట్టు. తర్వాత మెట్టు మీద ఒక కాలు పెట్టింది. మోకాలు లేచింది. రెండో కాలూ లోపలికి వచ్చింది. సీటును అరచేత్తో తడిమి, చీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుంది. డ్యాష్‌బోర్డు కింద వేలాడే దారాలు చూసి చెయ్యి చాపి ముడి తడిమింది. "రెండు చుట్లు వేసినావే. నేను చెప్పినట్టే" అనింది.

ముద్దనూరు దాటినాక జయచంద్ర ఫోన్ చేసినాడు. వీధిలో వాళ్లెవరో చెప్పినారంట, బండి చక్కగా పోయిందని. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువుంది గొంతులో. నిన్ననే చెప్పిండొచ్చు కదా అన్నాడు.

"నిన్న చెప్పింటే ఈ పొద్దు నేను ఈడ ఉండేదాన్ని కాదు" అనింది మల్లిక.

అవతల పెండ్లి మేళం మోగుతా ఉంది. "మీయమ్మ తినిందా?" అన్నాడు. తినింది అని చెప్పి పెట్టేసింది. పక్కన లక్ష్మీదేవమ్మ ముందర అద్దంలోంచి రోడ్డును చూస్తూ ఉంది. ఇన్నేండ్లు ఆమె వదిలేసిన రోడ్డునే చూసింది, వెనక తలుపులోంచి. ఎదురొచ్చే రోడ్డును చూడడం ఇదే మొదలు. ఎదురుగా చెట్లు పెద్దవవుతూ వస్తున్నాయి. "ఈడ కూడా గాలి బాగానే ఆడతాది పాపా" అనింది.

పులివెందుల దారిలో మీకెప్పుడన్నా నీలం మెటడోర్ ఒకటి ఎదురొస్తే, తోలేది ఎవరని చూడకండి, ముందు దాని నుదురు చూడండి. పసుప్పచ్చ అక్షరాల్లో ఉన్న పేరును ఒక్కసారి పైకి చదవండి, ఆ పేరు గల మనిషి చదువుకోలేదు కాబట్టి. ఆ బండి వెనక గొర్లకు మోకాళ్లు అడ్డం పెట్టి నిలబడిన లక్ష్మీదేవమ్మను గుర్తు పెట్టుకోండి.